ముద్ర, మకుటం, గద్య: అంతర్జాలంలో చిత్రకారుల కర్తృత్వ రక్షణ - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

అంతర్జాలంలో పంచుకొన్న చిత్రాలు అనుమతి లేకుండా, చిత్రకారుని పేరు లేకుండా వ్యాపించడం నేటి చిత్రకళారంగం ఎదుర్కొంటున్న ప్రధాన సమస్యల్లో ఒకటి. దీనికి పరిష్కారాలుగా చెప్పే వాటర్‌మార్క్, మెటాడేటా, తక్కువ పరిమాణం గల ప్రతి మొదలైన సాధనాలను ఈ వ్యాసం తెలుగు సాహిత్యంలోని ముద్ర, మకుటం, ఆశ్వాసాంత గద్యలతో పోల్చి పరిశీలిస్తుంది. రాజశేఖరుని హరణ విభజన ఆధారంగా చిత్రచౌర్యంలోని భేదాలను వివరించి, భారత కాపీరైట్ చట్టం వాటిలో వేటిని అడ్డుకోగలదో నిర్ణయించే ప్రయత్నం చేస్తుంది. గుర్తు ఒక్కటే కర్తను కాపాడలేదనీ, విడిగా భద్రపరచిన మూలం, గుర్తును వదలకుండా అందించే వాడుక తోడైనప్పుడే రక్షణ కలుగుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కర్తృత్వం, ముద్ర, మకుటం, హరణం, కాపీరైట్, వాటర్‌మార్క్, కలంకారి.

1. ఉపోద్ఘాతం:

గోడకు వేలాడే చిత్రాన్ని ఎవరైనా ఎత్తుకుపోతే గోడ ఖాళీ అవుతుంది. పోయిన సంగతి ఇంటివారికి వెంటనే తెలుస్తుంది. అంతర్జాలంలో జరిగే చౌర్యానికి ఈ లక్షణం లేదు. చిత్రం పెట్టినచోటే ఉంటుంది. దాని ప్రతి మాత్రం మరొకచోట, మరొకరి పేరుతోనో, ఎవరి పేరూ లేకుండానో తిరుగుతుంది. ఇక్కడ పోయేది చిత్రానికీ చిత్రకారునికీ మధ్య ఉన్న సంబంధం. అది పోయినట్టు చిత్రకారునికి చాలాకాలం తెలియకపోవచ్చు, ఎన్నటికీ తెలియకపోవచ్చు కూడా.

ఈ నష్టం అందరికీ ఒకే తీరున తగలదు. బాపు బొమ్మలు పండుగ శుభాకాంక్షల్లోనూ పెళ్లిపత్రికల్లోనూ సంతకం లేకుండా కనిపించినా, తెలుగు పాఠకుడు ఆ గీతను చూసి బాపును గుర్తుపడతాడు. వడ్డాది పాపయ్య చిత్రంలో ‘వ.పా.’ అన్న పొడి అక్షరాలు చెరిగిపోయినా ఆ రంగుల పొందిక ఆయనను పట్టిస్తుంది. అటువంటివారికి శైలే సంతకం. ఇంకా పేరు రాని చిత్రకారునికి ఆ వెసులుబాటు లేదు. ఒక చిత్రం లక్షమంది చూసినా, దాని కింద పేరు లేకపోతే తరువాతి పని ఆ చిత్రకారునికి రాదు. అలాగని చూపకుండా దాచుకొంటే పేరు వచ్చే దారే ఉండదు. పంచుకోక తప్పదు, పంచుకొంటే పోతుంది. ఈ రెండింటి మధ్య చిక్కిన చిత్రకారునికి ఏది నిజమైన రక్షణ అన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న.

ఈ ప్రశ్నను కేవలం సాంకేతిక విషయంగా చూడటం పరిపాటి. కానీ అచ్చుయంత్రం గానీ కాపీరైట్ గానీ లేని కాలంలో, నోటినుండి నోటికి, తాటాకు నుండి తాటాకుకు నడిచిన తెలుగు సాహిత్యం ఇదే చిక్కును ఎదుర్కొంది. ఆనాటి కవులు, వాగ్గేయకారులు ఏర్పరచుకొన్న ఉపాయాలు ఎక్కడ నిలిచాయి, ఎక్కడ విఫలమయ్యాయి అన్నది చూస్తే నేటి సాధనాల బలాబలాలు మరింత స్పష్టమవుతాయి.

2. హరణం - ఆలంకారికుల విభజన:

అనుకరణలన్నింటినీ చౌర్యమనడం సులభం. అలా అనుకొంటే సంప్రదాయమనేదే ఉండదు. భారతీయ ఆలంకారికులు ఈ విషయంలో జాగ్రత్తగా విభజన చేశారు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో కవుల రచనల మధ్య కనిపించే పోలికను ‘సంవాదం’ అని పేర్కొని, అది ప్రతిబింబం వంటిదిగా, చిత్తరువు వంటిదిగా, ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుషుల వంటిదిగా మూడు విధాలని చెప్పాడు. మొదటి రెండూ విడువదగినవి, మూడోది దోషం కాదన్నది ఆయన నిర్ణయం. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణాన్ని, అర్థహరణాన్ని వేరుగా చర్చించి, అర్థహరణంలో ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం, పరపురప్రవేశసదృశం అనే నాలుగు భేదాలను చూపాడు. కావ్యాన్ని గురించి చేసిన ఈ విభజనను చిత్రానికి అన్వయించవచ్చు.

ప్రతిబింబకల్పంలో వస్తువంతా ఒకటే, పైపూత మాత్రమే మారుతుంది. ఇతరుల చిత్రాన్ని దించుకొని, సంతకమున్న మూలను కత్తిరించి, తన పుటలో పెట్టుకోవడం ఈ కోవకు చెందుతుంది. ఆలేఖ్యప్రఖ్యంలో స్వల్పమైన సంస్కారం వల్ల పాతది కొత్తదిగా తోస్తుంది. చిత్రాన్ని కుడిఎడమలు తిప్పడం, చీర రంగు మార్చడం, వెనుకనున్న గుడిని తీసి కొబ్బరితోట పెట్టడం, పైన పలుచని కాగితం ఉంచినట్టుగా గీత వెంట గీత గీయడం దీనికి ఉదాహరణలు. తుల్యదేహితుల్యంలో వస్తువు వేరు, పోలిక మాత్రం గాఢం. ఒక చిత్రకారుని శైలిలో మరొకరు కొత్త బొమ్మ వేయడం అటువంటిది. పరపురప్రవేశసదృశంలో మూలవస్తువు ఒకటే అయినా నిర్మాణం పూర్తిగా వేరు. శ్రీరామ పట్టాభిషేకాన్ని ఒక్కొక్క కలంకారి చిత్రకారుడు తన కూర్పుతో వేయడం ఇందులోకి వస్తుంది.

రాజశేఖరుడు చివరి రెండు భేదాలను ‘నిహ్నుతయోని’ అన్నాడు. అంటే పుట్టుక మరుగుపడినవి. మొదటి రెండు ‘అన్యయోని’, అంటే పుట్టుక మరొకచోట ఉన్నదని కనిపించేవి. ఈ భేదం నేటి చర్చకు చాలా అవసరం. రక్షణ సాధనాలూ చట్టమూ ప్రధానంగా పనిచేసేది అన్యయోని విషయంలోనే. పుట్టుక మరుగుపడినచోట వాటి పట్టు సడలుతుంది.

3. చట్టం ఇచ్చే రక్షణ:

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం చిత్రం పూర్తయిన క్షణంలోనే కాపీరైట్ పుడుతుంది. నమోదు తప్పనిసరి కాదు, నమోదైతే న్యాయస్థానంలో ప్రాథమిక సాక్ష్యంగా పనికివస్తుంది. చిత్రానికి కళాత్మక విలువ ఉందా లేదా అన్న విచారణను కూడా చట్టం కోరదు. రక్షణ చిత్రకారుని జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. 2014లో మరణించిన బాపు చిత్రాలకు 2074 చివరివరకు, 1992లో మరణించిన వడ్డాది పాపయ్య చిత్రాలకు 2052 చివరివరకు ఈ రక్షణ ఉంటుంది. ‘పాత పత్రికలోది కదా’, ‘అంతర్జాలంలో దొరికింది కదా’ అనే సమర్థనలకు చట్టంలో చోటు లేదు. 1925లో మరణించిన దామెర్ల రామారావు చిత్రాలకు గడువు ఏనాడో తీరింది. వాటిని ఎవరైనా ముద్రించవచ్చు. అయినా ఆయన పేరు వేయవలసిన మర్యాద గడువుతో తీరేది కాదు.

చిత్రకారులకు ఎక్కువగా ఉపయోగపడేది 57వ సెక్షన్. కాపీరైట్‌ను ఇతరులకు బదలాయించిన తరువాత కూడా, ఆ కృతి తనదని చెప్పుకొనే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దానిని వికృతం చేస్తే అడ్డుకొనే హక్కు కర్తకు ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ నుండి తొలగించి పాడుచేసిన కాంస్య కుడ్యశిల్పం విషయంలో శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు అనుకూలంగా ఢిల్లీ హైకోర్టు 2005లో ఇచ్చిన తీర్పు ఈ హక్కుకు బలమిచ్చింది. శిల్పం ప్రభుత్వపు సొత్తే అయినా శిల్పికి దానితో ఉన్న సంబంధం తెగలేదని ఆ తీర్పు సారాంశం.

అంతర్జాలంలో చౌర్యం కనిపించినప్పుడు చేయదగిన పనిని 52వ సెక్షన్, 2013 కాపీరైట్ నియమావళి సూచిస్తాయి. హక్కుదారు వేదిక నిర్వాహకులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, వారు 36 గంటల్లో ఆ ప్రతిని అందుబాటులో లేకుండా చేయాలి. 21 రోజుల్లోగా న్యాయస్థానం ఉత్తర్వు తేకపోతే దానిని తిరిగి ఉంచే వీలు నిర్వాహకులకు ఉంది. ఈ గడువు చిన్న చిత్రకారుని పాలిట కఠినమైనది. ఫిర్యాదు ఖర్చులేని పని, న్యాయస్థానం ఖర్చుతో కూడినది. తొలగించిన ప్రతి మరో పేరుతో మరునాడే తిరిగి రావచ్చు కూడా.

పై విభజనతో పోలిస్తే చట్టపు హద్దు స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతిబింబకల్పాన్ని అది నేరుగా అడ్డుకొంటుంది. ఆలేఖ్యప్రఖ్యంలో గణనీయమైన భాగం తీసుకొన్నారని నిరూపిస్తే అడ్డుకొంటుంది. తుల్యదేహితుల్యం దగ్గర ఆగిపోతుంది. భావానికి, ఇతివృత్తానికి కాపీరైట్ లేదనీ, దానిని వ్యక్తం చేసిన రూపానికే ఉందనీ ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో స్పష్టం చేసింది. శైలి కూడా ఈ హద్దుకు ఆవలే ఉంటుంది.

4. మకుటం, ముద్ర, వాటర్‌మార్క్:

అంతర్జాలంలో చిత్రం పెట్టేవారికి మొదట ఇచ్చే సలహా వాటర్‌మార్క్ వేయమని. చిత్రం మీద పేరును పలుచగా అచ్చువేసినట్టు ఉంచడమే దీని స్వరూపం. తెలుగులో దీనికి దగ్గరి పోలిక శతక మకుటం. ప్రతి పద్యంలోనూ ఒకే మాట, ఒకేచోట వస్తుంది.

సుమతీశతకం మకుటం పద్యాన్ని ఆ శతకానికి చెందినదిగా గుర్తింపజేస్తుంది. కానీ అందులో కవి పేరు లేదు. శతకకర్త బద్దెనేనా అన్న చర్చకు ఆ మకుటం జవాబు చెప్పలేదు. ఇది పేరు లేని వాటర్‌మార్క్ వంటిది. అందమైన చిహ్నమో, పొడి అక్షరమో మాత్రమే వేసి ఊరుకొనే చిత్రకారులకు ఇదే గతి పడుతుంది. చిహ్నం మిగులుతుంది, అది ఎవరిదో చెప్పేవారు మిగలరు.

వేమన మకుటంలో పేరుంది. అది ఆటవెలది నాలుగో పాదమంతా ఆక్రమిస్తుంది. అయితే పద్యార్థం సాధారణంగా మొదటి మూడు పాదాల్లోనే పూర్తవుతుంది. కనుక మకుటం పద్యానికి ఆనుకొని ఉంటుందే తప్ప అర్థంలో కలిసిపోదు. దీనివల్ల రెండు ఫలితాలు కలిగాయి. మూడు పాదాలు కూర్చగలిగినవారెవరైనా నాలుగోది చేర్చి వేమన పద్యం చేయవచ్చు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ప్రచురించిన నాటినుండి నేటివరకు ఏది వేమనది, ఏది ప్రక్షిప్తం అన్న విచారం తెగలేదు. అలాగే, ఆ పాదాన్ని తీసివేసినా మిగిలిన మూడు పాదాలు నీతివాక్యంగా నిలబడతాయి. పేరు ఉండటం మాత్రమే రక్షణ కాదని వేమన పద్యాల చరిత్ర చెబుతోంది.

క్షేత్రయ్య పదాల్లోని ‘మువ్వగోపాల’ ముద్ర స్వభావం వేరు. ఆ మువ్వగోపాలుడే పదంలోని నాయకుడు. నాయిక అతనితోనో, అతని గురించి చెలికత్తెతోనో మాట్లాడుతుంది. ముద్ర ఒక పదంలో సంబోధనగా, మరొక పదంలో కర్తగా, ఇంకొక దానిలో మరో విభక్తితో వస్తుంది. దానిని తీసివేస్తే సంభాషణలో ఒక మనిషి మాయమవుతాడు. వేరొక పేరు చేర్చడం అసాధ్యమని కాదు, కానీ అతుకు కనిపిస్తుంది.

ఈ భేదాన్ని నేటి యంత్రవిజ్ఞానం మరొక దారిలో ధ్రువపరచింది. గూగుల్ పరిశోధకులు 2017లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం, ఒకే వాటర్‌మార్క్‌ను అనేక చిత్రాలపై ఒకే తీరున వేస్తే, ఆ చిత్రాలన్నింటినీ పోల్చి యంత్రం ఆ గుర్తు ఆకృతిని రాబట్టి తొలగించగలదు. ఒక్కొక్క చిత్రంలో గుర్తును కొద్దిగా వంచి మారిస్తే తొలగించినచోట జాడలు మిగులుతాయి. అంటే మకుటంలా మారకుండా పునరావృతమయ్యే గుర్తు బలహీనం, ముద్రలా సందర్భాన్నిబట్టి మారే గుర్తు బలం.

దీనినుండి చిత్రకారులు గ్రహించవలసిన విషయం ఉంది. మూలన పెట్టిన సంతకం ఒక్క కత్తిరింపుతో పోతుంది. నట్టనడుమ అడ్డంగా వేసిన గుర్తు దొంగకంటే ముందు చూసేవారికి అడ్డమవుతుంది. చీర అంచులోనో, చెట్టు మొదట్లోనో, కుండ మీది నగిషీలోనో చిత్రంలో భాగంగా కలిసిన సంతకం ఈ రెండు దోషాలకూ దూరం. అది గీసేటప్పుడే ఆలోచించవలసిన విషయం, చిత్రం పెట్టేముందు హడావుడిగా అతికించేది కాదు.

5. గద్య, చాటువు, మెటాడేటా:

తెలుగు ప్రబంధాల్లో ప్రతి ఆశ్వాసం చివర ఒక గద్య ఉంటుంది. కవి పేరు, తండ్రి పేరు, బిరుదులు, కావ్యం పేరు, అది ఎన్నో ఆశ్వాసమన్న సంగతి అందులో చేరతాయి. అది పద్యంలో భాగం కాదు, పద్యాల వెంట నడిచే వివరం. నేటి చిత్రం ఫైలులో దాగి ఉండే మెటాడేటా సరిగ్గా ఇటువంటిదే. చిత్రకారుని పేరు, తేదీ, హక్కుల ప్రకటన అందులో నింపవచ్చు.

గద్య బలహీనత ఎక్కడుందో చాటుపద్యాలు చూపుతాయి. కావ్యమంతా ఒక్కటిగా నకలు చేసినంతకాలం గద్య వెంట ఉంటుంది. ఒంటరిగా నోటినుండి నోటికి వెళ్లే పద్యానికి గద్య ఉండదు. వేటూరి ప్రభాకరశాస్త్రి శ్రమించి సేకరించిన చాటువుల్లో ఎన్నింటికో కర్త ఎవరో రూఢిగా చెప్పలేం. పేరు లేని పద్యం ఊరకే ఉండదు, ప్రసిద్ధుల పేరుకు అతుక్కుంటుంది. శ్రీనాథునికి, తెనాలి రామకృష్ణునికి అంటగట్టిన చాటువులకు లెక్కలేదు. అంతర్జాలంలో ఒక్కటిగా తిరిగే చిత్రం నేటి చాటువు. చాలా సామాజిక మాధ్యమాలు చిత్రాన్ని స్వీకరించేటప్పుడే దాని పరిమాణాన్ని కుదించి మెటాడేటాలో అధికభాగాన్ని తొలగిస్తాయి. అజ్ఞాత చిత్రకారుని బొమ్మ చివరకు ఎవరో ప్రసిద్ధుని బొమ్మగా చలామణి కావడం వింత కాదు.

2012 సవరణతో చేర్చిన 65బి సెక్షన్, హక్కుల వివరాలను తెలిసి ఉండీ అనుమతి లేకుండా తొలగించడాన్ని శిక్షార్హం చేసింది. గద్యను కాపాడే చట్టమిది. కానీ తెలిసి తొలగించారని నిరూపించడం కష్టం. చిత్రానికి పుట్టుక నుండి మార్పులవరకు జరిగిన చరిత్రను సాంకేతిక ముద్రతో వెంట నడిపే ప్రమాణాన్ని రూపొందించేందుకు అడోబ్, మైక్రోసాఫ్ట్, బీబీసీ మొదలైన సంస్థలు 2021లో ఒక కూటమిగా ఏర్పడ్డాయి. అది ఫలించాలంటే చిత్రం దాటే ప్రతి వేదికా ఆ వివరాన్ని నిలుపుకోవాలి. దారిలో ఒక్కరు వదిలివేసినా గద్య లేని చాటువే మిగులుతుంది.

వెంట నడిచే వివరం పోయినప్పుడు ఆధారమయ్యేది విడిగా భద్రపరచిన మూలం. అన్నమాచార్యుని సంకీర్తనల చరిత్ర దీనికి గొప్ప ఉదాహరణ. అన్నమయ్య, ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు, ఆ తరువాతివారు వేంకటేశ్వరుని ముద్రతోనే పాడారు. ముద్ర ఒక్కటే చూసి ఏది ఎవరిదో తేల్చడం కష్టం. రాగిరేకులపై ఎవరి రచనలను వారి పేరుతో చెక్కించడంవల్లనే ఆ భేదం నేటికీ తెలుస్తోంది. అయితే ఆ రేకులకు మరో పార్శ్వముంది. తిరుమల భాండాగారంలో అవి భద్రంగా ఉన్నంతకాలం సంకీర్తనల్లో అత్యధికభాగం జనం నోట వినిపించలేదు. ఇరవయ్యో శతాబ్దిలో వెలికివచ్చి అచ్చయిన తరువాతే మళ్లీ పాటలయ్యాయి. భద్రత ఒక్కటే కోరుకొంటే కళ వినికిడిని కోల్పోతుంది. రేకు భాండాగారంలో, పాట వీధిలో ఉండటమే సరైన పొందిక.

నేటి చిత్రకారునికి ఈ పొందిక సాధ్యమే. పూర్తి పరిమాణంలోని మూలం, పొరలు విడివిడిగా ఉన్న ఫైలు, తొలి గీతలు, తేదీతో కూడిన ఛాయాచిత్రాలు తన దగ్గరే ఉంచుకోవాలి. బయటికి చిన్న ప్రతి వెళ్లాలి. 1,200 పిక్సెళ్ల వెడల్పున్న చిత్రాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే వచ్చేది 4 అంగుళాల బొమ్మే. తెరపై చూడటానికి అది చాలు, నాణ్యమైన పెద్ద ముద్రణకు చాలదు. చిన్న బొమ్మను పెంచే యంత్రాలు వచ్చినమాట నిజమే. కానీ అవి పెంచేటప్పుడు లేని వివరాలను ఊహించి నింపుతాయి. అసలు వివరాలు మూలమున్నవారే చూపగలరు. వివాదం వచ్చిననాడు మూలం సాక్షి అవుతుంది.

6. కలంకారి - పేరుకు రక్షణ, చిత్రానికి లోటు:

సంప్రదాయ కళల విషయంలో సమస్య మరింత జటిలం. శ్రీకాళహస్తి కలంకారికి, చేర్యాల చిత్రాలకు భౌగోళిక సూచికల చట్టం, 1999 కింద గుర్తింపు ఉంది. ఈ గుర్తింపు కాపాడేది పేరును. శ్రీకాళహస్తి పద్ధతిలో చేయని వస్త్రాన్ని ఆ పేరుతో అమ్మకూడదు. కానీ ఒక కలంకారి చిత్రకారుడు కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డపై, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నలుపుతో, వెదురు కలంతో రోజుల తరబడి గీసిన కూర్పును ఎవరైనా తెరపైనుండి తీసుకొని, వేరే పేరుతో యంత్రంపై అచ్చువేస్తే భౌగోళిక సూచిక అడ్డుపడదు. సమూహపు పేరు భద్రంగానే ఉంటుంది, వ్యక్తి చిత్రం పోతుంది. వేమన మకుటంలో కనిపించిన చిక్కే ఇక్కడ మరో రూపంలో ఎదురవుతుంది.

అప్పుడు ఆధారం కాపీరైట్. కథ, దేవతారూపం, అంచుల్లోని లతలు అందరివీ. వాటిని ఒక చిత్రకారుడు కూర్చిన తీరు ఆయనది. పరపురప్రవేశాన్ని అనుమతిస్తూ ప్రతిబింబాన్ని నిషేధించే ఆలంకారికుల నిర్ణయం ఇక్కడ చట్టంతో ఏకీభవిస్తుంది.

అదే కూర్పును చీరల అంచుగానో, దుప్పటి నమూనాగానో పెద్దసంఖ్యలో చేయదలిస్తే మరొక జాగ్రత్త అవసరం. డిజైన్‌గా నమోదుకు తగినదై ఉండీ నమోదు కాని డిజైన్‌ను, యజమాని గానీ ఆయన అనుమతి పొందినవారు గానీ పారిశ్రామిక ప్రక్రియలో 50 సార్లకు మించి వస్తువులపై వేస్తే, ఆ డిజైన్‌పై కాపీరైట్ నిలవదని 15వ సెక్షన్ చెబుతోంది. మరోవైపు, నమోదుకు దరఖాస్తు చేయకముందే లోకానికి వెల్లడైన డిజైన్‌ను డిజైన్ల చట్టం, 2000 నమోదుకు అంగీకరించదు. కనుక వస్త్రాలపై వాడదలచిన నమూనాను ముందు అంతర్జాలంలో పెట్టి, తరువాత నమోదు గురించి ఆలోచించిన చిత్రకారుడు రెండు రక్షణలనూ పోగొట్టుకొనే ప్రమాదముంది. దరఖాస్తు ముందు, ప్రదర్శన తరువాత అన్న క్రమం తెలియకపోవడంవల్ల కలిగే నష్టమిది.

7. యంత్రం వేసే తుల్యదేహులు:

ఆనందవర్ధనుడు తుల్యదేహిసంవాదాన్ని అంగీకరించడానికి కారణం, పోలిక ఉన్నా రెండో మనిషికి తనదైన ఆత్మ ఉండటం. గురువును చూసి నేర్చిన శిష్యుని చిత్రం గురువును పోలి ఉన్నా అది శిష్యుని చూపునుండి పుట్టింది. కృత్రిమమేధ చిత్రజనక యంత్రాలు ఈ అంగీకారాన్ని ప్రశ్నార్థకం చేశాయి. 2022లో వెలువడిన లయాన్-5బి అనే సంచయంలో 500 కోట్లకు పైగా చిత్రాల చిరునామాలు, వాటి వివరణలు అంతర్జాలం నుండి చేర్చారు. ఇటువంటి సంచయాలపై శిక్షణ పొందిన యంత్రం ఒక చిత్రకారుని పేరు చెబితే ఆ శైలిలో క్షణాల్లో బొమ్మ వేయగలదు. ఫలితాన్ని మాత్రమే చూస్తే అది తుల్యదేహితుల్యం, చట్టం పట్టుకు చిక్కనిది. కానీ దాని వెనుక లెక్కలేనన్ని ప్రతిబింబాలు ఉన్నాయి. పుట్టుక మరుగుపడటం ఇక్కడ ప్రతిభవల్ల జరగలేదు, పరిమాణంవల్ల జరిగింది. 2023 జనవరిలో ముగ్గురు చిత్రకారులు కాలిఫోర్నియా న్యాయస్థానంలో వేసిన దావా ఈ అంశం మీదనే.

అదే ఏడాది గెట్టీ ఇమేజెస్ సంస్థ వేసిన దావాలో ముద్రకు సంబంధించిన ఒక వివరముంది. యంత్రం వేసిన కొన్ని బొమ్మలపై ఆ సంస్థ వాటర్‌మార్క్‌ను పోలిన వికృతాక్షరాలు కనిపించాయి. యంత్రానికి గుర్తు యాజమాన్యాన్ని తెలిపేది కాదు, బొమ్మల్లో తరచుగా కనిపించే మరొక ఆకారం. వేమన కాని పద్యానికి వేమన మకుటం తగిలించిన అజ్ఞాతకవికి కనీసం ఆ పేరు అర్థం తెలుసు. యంత్రానికి అదీ తెలియదు.

చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో గ్లేజ్, 2024లో నైట్‌షేడ్ అనే సాధనాలను విడుదల చేశారు. మొదటిది కంటికి దాదాపు కనిపించని మార్పులతో శైలిని యంత్రం తప్పుగా గ్రహించేలా చేస్తుంది. రెండోది అనుమతి లేకుండా తీసుకొన్న చిత్రాలపై సాగే శిక్షణనే చెడగొట్టడానికి ఉద్దేశించింది. వీటి ప్రభావాన్ని తగ్గించే మార్గాలను కూడా పరిశోధకులు చూపారు. కనుక ఇవి తాళాలే గాని గోడలు కావు. వాడటం మంచిదే, వీటినే నమ్ముకోవడం మంచిది కాదు.

8. గుర్తును కాపాడేది ఎవరు?

పై పరిశీలనలో ఒక విషయం మిగిలి ఉంది. మువ్వగోపాల ముద్ర వ్యాకరణబలం ఎంత ఉన్నా, పాడేవారు ఆ చరణాన్నే వదిలివేస్తే అది ఏం చేయగలదు? కర్ణాటక సంగీతంలో దీనికి సమాధానంగా ఒక మర్యాద ఏర్పడింది. సమయం చాలక కొన్ని చరణాలు వదిలినా, ముద్ర ఉన్న చరణాన్ని పాడాలన్నది సంప్రదాయం. దీనిని ఏ చట్టమూ విధించలేదు. గురువులు నేర్పారు, గాయకులు పాటించారు, శ్రోతలు ఎదురుచూశారు. క్షేత్రయ్యను, త్యాగయ్యను కాపాడినది ముద్ర మాత్రమే కాదు, ముద్రను వదలకూడదన్న ఈ ఎరుక కూడా.

అంతర్జాలంలో లోపించినది ఈ ఎరుకే. చిత్రాన్ని మరొకరికి పంపేవారిలో చాలామందికి దొంగతనం చేసే ఉద్దేశం ఉండదు. బాగుందనే పంపుతారు. పేరు లేని బొమ్మ బాగుందని పదిమంది పంపిన తరువాత, పదకొండోవాడు దానిని అమ్ముకొంటాడు. చివరి వ్యక్తి చేసే చౌర్యానికి మొదటి పదిమంది ఉదాసీనత దారి వేస్తుంది. పత్రికలు, పుస్తక ప్రచురణకర్తలు, సాహిత్య సంస్థలు కూడా ముఖచిత్రాలకు, ఆహ్వానపత్రాలకు చిత్రాలను వాడేటప్పుడు ‘సేకరణ’ అనో ‘అంతర్జాలం నుండి’ అనో రాసి ఊరుకోవడం తగదు. అంతర్జాలం ఒక చోటు మాత్రమే, అది బొమ్మలు వేయదు. బొమ్మను పెట్టి వెదికే సౌకర్యం నేడు ఎవరికైనా ఉచితంగా అందుబాటులో ఉంది. కర్త ఎవరో తెలుసుకోవడానికి చాలాసార్లు కొన్ని నిమిషాలు చాలు.

9. ఉపసంహారం:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. చిత్రచౌర్యమంతా ఒకటి కాదు. ప్రతిబింబానికి, చిన్న మార్పులతో చేసే ఆలేఖ్యానికి చట్టంలో సమాధానముంది. శైలి అనుకరణకు లేదు. మకుటంలా పైన అతికిన గుర్తుకంటే ముద్రలా చిత్రంలో కలిసిన సంతకం దృఢమైనది. గద్యవంటి మెటాడేటా నింపవలసినదే, అది దారిలో రాలిపోతుందన్న ఎరుకతో నింపాలి. రాగిరేకువంటి మూలప్రతిని తేదీతో, తొలి గీతలతో సహా చిత్రకారుడు తన వద్ద ఉంచుకోవాలి. వస్త్రాలపై వాడే నమూనాలకు దరఖాస్తు ముందు, ప్రదర్శన తరువాత కావాలి. అనుమతులు రాతలో, కాలపరిమితితో, ప్రాంతపరిమితితో ఉండాలి. కాపీరైట్ బదలాయింపు పత్రంలో ఈ వివరాలు లేకపోతే చట్టం 5 ఏళ్లుగా, భారతదేశం మేరకుగా భావిస్తుంది.

ఇవన్నీ చేసినా చిత్రం పూర్తిగా భద్రమని చెప్పలేం. చిత్రకారుడు చేయగలిగినది తన పేరును చిత్రంలో నిలపడం, మూలాన్ని దాచుకోవడం. ఆ పేరును తరువాతివారికి అందించడం చూసేవారి చేతిలో ఉంది. ముద్ర చరణాన్ని వదలని శ్రోతల సంప్రదాయం ఉన్న భాషకు ఇది కొత్తగా నేర్వవలసిన విషయం కాదు, పాటనుండి బొమ్మకు విస్తరించవలసిన మర్యాద మాత్రమే.